పరిగె చీమలకు మందు

కొత్తగా మన శాఖలో చేరుతున్న పిల్లల కోసం నాలుగు మాటలు రాసిమ్మన్నారు. చెప్పాల్సింది నాలుగు మాటలే అయితే నేను ఒక్క పూటలో రిటైరై ఉండేవాణ్ణి. పురుగుల మీద చదువుకుని, పురుగుల మీద ఉద్యోగం చేసి, ఇప్పుడు వాటి పుణ్యమా అని పింఛను తింటున్నవాణ్ణి. బదిలీలూ ప్రమోషన్లూ మెమోలూ రాయను. అవన్నీ సర్వీసు రిజిస్టర్లో భద్రంగా ఉన్నాయి. చెదపురుగులు కూడా వాటి జోలికి పోలేదు. ఆఫీసులో ఎవరూ అడగని ఒక చీమల పుట్ట గురించి రాస్తాను. మీరు రేపు చెయ్యబోయే పని ఏమిటో నాకు అక్కడే అర్థమైంది.

మందు కొట్టించే అబ్బాయి

మా ఇల్లు తెనాలి, ఆఫీసు బాపట్ల. అక్కణ్ణుంచి రేపల్లె దాకా ఏ ఊరెళ్ళినా నాకు రెండు పేర్లు ఉండేవి. పని ఉన్నవాళ్ళు ‘మందుల సారు’ అనేవారు, పని అయిపోయినవాళ్ళు ‘పురుగుల సారు’ అనేవారు. బహువచనంలో అన్నారు గనక సరిపోయిందని మా ఆవిడ నవ్వేది.

ఆవిడతో పెళ్ళి కుదిరే రోజుల్లో ఎవరో మా మామగారితో, “అబ్బాయిది ఊరూరా తిరిగి మందు కొట్టించే ఉద్యోగమండి” అన్నారట. పాపం ఆయన తాంబూలాలు ఆపినంత పని చేశారు. అది సీసాలో మందు కాదు, పంపులో మందని తెలుసుకున్నాకే అన్నం తిన్నారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ మాటని ఇంకొంచెం చూడండి. జ్వరానికి వేసేదీ మందే, పురుగుని చంపేదీ మందే. చేనుకి విషం కొట్టానని ఏ రైతూ అనగా నేను వినలేదు. మందు కొట్టానంటాడు. మందంటే మంచి చేసేదనే నమ్మకం ఆ మాటలోనే ఉంది. మన ఉద్యోగమంతా ఆ నమ్మకం మీద నడిచింది.

కొమ్ము

మా పెద్ద సారు కోపిష్టి. చొక్కా ఎప్పుడూ సరిగ్గా ఇస్త్రీ ఉండేది కాదు, మాట మాత్రం చాలా సరిగ్గా ఉండేది. కొత్తవాళ్ళు చేరిన రోజున బోర్డు మీద ‘ముందు’ అని రాసి, మొదటి అక్షరానికున్న కొమ్ముని వేలితో చెరిపేసేవారు. ‘మందు’ మిగిలేది. “ఈ కొమ్మేనయ్యా మీ ఉద్యోగం. ముందు చూడండి, తర్వాత మందు చెప్పండి. కొమ్ము చెరిగిపోతే మీకూ మందుల కొట్టువాడికీ తేడా లేదు” అనేవారు.

ఒకసారి కర్లపాలెంలో ఒక రైతు వంగతోటలో చీమలు పడ్డాయని, వాటికి మందు చెప్పమని పట్టుబట్టాడు. పెద్ద సారు ఆయన్ని మొక్క పక్కనే గొంతుక్కూర్చోబెట్టి ఆకు తిప్పించారు. ఆకు అడుగున పేనుబంక. అది కార్చే తీపి కోసం చీమలు వస్తున్నాయి. “చీమ దొంగ కాదు నాయనా, దొంగ ఇంటికొచ్చిన చుట్టం” అన్నారు. ఆ రైతు మందు కొనకుండా వెళ్ళిపోయాడు. నేను చూసిన మంచి సలహాల్లో అదొకటి.

అంతటి మనిషి కూడా నేను చీమల మీద పని చేస్తానంటే ఒప్పుకోలేదు. పంటకి నష్టం చేస్తుందా అన్నారు. లేదండి అన్నాను. లాభం చేస్తుందా అన్నారు. చెప్పుకోదగ్గంత లేదండి అన్నాను. “మరి దానికి నువ్వేం బావమరిదివా? చీమల వెంట పడితే ఉద్యోగంలో నడక కూడా చీమ నడకే అవుతుంది, చూసుకో” అన్నారు. అలాగే అయింది. కానీ వెళ్ళబోతుంటే వెనక్కి పిలిచి, ఆఫీసు పని చెడకుండా చూసుకుంటే తనకేం తెలియనట్టు ఉంటానన్నారు. మంచి అధికారి అంటే నా లెక్కలో ఇంతే. తనకి అక్కర్లేని పనిని కూడా చావనివ్వడు.

తోట లేని తోట

ఎనభైల చివర్లో, భట్టిప్రోలు దాటాక రేపల్లె రైలు కట్ట పక్కనున్న ఒక ఊళ్ళో మా పరీక్ష మళ్ళు ఉండేవి. ఏ మందు ఎంత కొడితే వరి రసం పీల్చే దోమ ఎంత చస్తుందో చూసే మళ్ళు. తెనాలిలో పాసింజరెక్కి వెళ్ళేవాణ్ణి. ఆ మళ్ళని ఆనుకుని క్రైస్తవుల సమాధుల తోట ఉంది. పేరుకే తోట, చెట్టు లేదు. మోకాలెత్తు గడ్డి ఉండేది.

డెల్టాలో మెరక దొరకడం కష్టం. చుట్టూ నల్లరేగడి, సగం ఏడాది నీళ్ళు. నాగలి తగలనిదీ మందు పడనిదీ అయిన నేల కావాలంటే అక్కడ మిగిలింది ఆ సమాధుల చోటే. బతికున్నవాళ్ళం ఒక్క గజం కూడా వదల్లేదు. ఆ వదిలిన కాస్తా పోయినవాళ్ళ కోసం వదిలాం. చీమలు దాన్ని కనిపెట్టాయి.

ఒక చిన్న సమాధికి పాదాల వైపు, గడ్డిలో, రూపాయి బిళ్ళంత కన్నం. దాని చుట్టూ పొట్టు, మన ధాన్యం మిల్లు వెనక ఊకపోగులాగా. చీమలు ముదురు గోధుమరంగువి, దాదాపు నలుపు. కొన్నిటికి తల మరీ పెద్దది, మోయలేక మోస్తున్నట్టు నడిచేవి. అలాంటివాళ్ళని ఆఫీసులో చూసిన అలవాటుంది గనక నాకు వింతగా అనిపించలేదు. కాకపోతే వీటి పెద్ద తల దేనికో వెంటనే తెలిసేది. గట్టి గింజల్ని అవే పగలగొట్టేవి. చిన్నవి గడ్డి మధ్య బండి బాటల్లాంటి దారులు చేసుకుని గడ్డి గింజలు మోసుకొచ్చేవి. పప్పు లోపలికి, పొట్టు బయటికి.

వరి కోతలయ్యాక అవి మెరక దిగి మళ్ళల్లో రాలిన గింజలు కూడా ఏరుకొచ్చేవి. కోతలైన మళ్ళల్లో కూలీ ఆడవాళ్ళు రాలిన వెన్నులు ఏరుకోవడాన్ని మనవైపు పరిగె ఏరడం అంటాం. ఆ చీమకి పుస్తకాల్లో నోరు తిరగని పేరుంది. నేను మాత్రం పరిగె చీమ అని పెట్టుకున్నాను.

వాన వెలిసిన మర్నాడు చూడాలి వాటిని. లోపల తడిసిన గింజల్ని ఒక్కొక్కటే బయటికి తెచ్చి ఎండలో పరిచేవి. అదే రోజు ఊళ్ళోవాళ్ళు తడిసిన ధాన్యాన్ని రోడ్డు మీద ఎండబోసేవారు. మబ్బు పడితే ఇక్కడ చీమలూ అక్కడ మనుషులూ ఒకేసారి లోపలికి ఎత్తడం మొదలుపెట్టేవాళ్ళు.

పని నేర్చుకునేవాళ్ళకి ఒక్క మాట. పుట్ట దగ్గర కూర్చున్నప్పుడు మీ నీడ దాని మీద పడకూడదు. పడితే అవి చేసే పని మానేసి మీ సంగతి చూస్తాయి. సూర్యుడితో పాటు మీరూ జరుగుతూ ఉండాలి. వినడానికి చిన్న విషయమే, నడుముకి మాత్రం పెద్దదే.

రూతమ్మ

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక తెల్లచీరలో ఒకావిడ వచ్చి నా వెనక చాలాసేపు నిలబడింది. తర్వాత, “ఏం పోగొట్టుకున్నారండి?” అంది.

ఏమీ లేదమ్మా, చీమల్ని చూస్తున్నానన్నాను. ఆవిడ నవ్వలేదు. సమాధి వైపు చూసింది, పుట్ట వైపు చూసింది. “అవి లోపలికి ఎంతదూరం పోతాయండి?” అంది.

నేను కీటకశాస్త్రం ధోరణిలో సమాధానం మొదలుపెట్టి, సగంలో ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. ఆ సమాధి పొడుగు అప్పుడు కనపడింది నాకు. అన్నాళ్ళూ పుట్టకి గుర్తుగానే దాన్ని చూశాను.

ఆవిడ పేరు రూతమ్మ. ఆ సమాధిలో ఉన్నది ఆవిడ కొడుకు, ఇంకా బడికి కూడా వెళ్ళని పిల్లాడు. నేను గుప్పెడు పొట్టు తీసి ఆవిడ చేతిలో పోశాను. ఇవి తినేది గడ్డి గింజలమ్మా, ఏ పురుగో చచ్చి కనపడితే లాక్కుపోతాయిగానీ వీటి బతుకు గింజ మీదే అన్నాను. ఈ నేలలో కొంచెం తవ్వితే ఊట తగులుతుంది, తడి తగలగానే ఇవి ఆగి పక్కకి తవ్వుకుంటాయి, బాబు దాకా పోవన్నాను. నేను ఆరోజు చెప్పినవన్నీ నిజాలే. ఆవిడ పొట్టుని వేళ్ళతో రాసి రాసి చూసింది.

“అయితే మందు అక్కర్లేదంటారు.”

“అక్కర్లేదమ్మా.”

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చి కూర్చునేది. నీడ పడకుండా ఎక్కడ కూర్చోవాలో ఒకసారి చెప్తే సరిపోయింది. కొంగున నూకలు కట్టుకొచ్చి పుట్ట దగ్గర చల్లేది. అలా చల్లితే నా పరిశీలన చెడుతుందమ్మా, ఏం తెచ్చుకుంటున్నాయో తెలియదు అంటే, మీ లెక్క పాడైపోద్దాండీ అని నొచ్చుకునేది. మళ్ళీ వారం నేను అటు తిరిగినప్పుడు చల్లేది. చీమలు గడ్డి గింజల్ని దారిలోనే పడేసి నూకల మీద పడేవి. చివరికి నేనే ఆదివారాలు సెలవని పెట్టుకున్నాను. వెళ్ళేవాణ్ణి, కూర్చునేవాణ్ణి, ఏమీ రాసుకునేవాణ్ణి కాదు.

మాటల్లో తెలిసింది, ఆవిడ భర్త మా దానియేలేనని. మా మళ్ళల్లో మందు కొట్టే మనిషి. వీపున పంపు కట్టుకుంటే గాలివాటం చూసి అడుగేసేవాడు, అంత నేర్పరి. ఎన్నాళ్ళుగానో తెలిసినవాడు, కొడుకు పోయాడని నాతో ఎప్పుడూ అనలేదు. పక్కనే మడి, పక్కనే సమాధి, అటు తల తిప్పేవాడు కాదు.

పిల్లాడికి జ్వరం ముదిరినప్పుడు డాక్టరు మందు రాసిస్తే రేపల్లెలో దొరక్క దానియేలు తెనాలి వెళ్ళాడట. ఆరోజే గాలివాన పట్టుకుంది. రైళ్ళు ఆగిపోయాయి. పట్టాల మీద నడిచొచ్చాడు. “మందు తెచ్చాడండి. మూత తియ్యక్కర్లేకపోయింది” అంది రూతమ్మ. ఆ సీసా ఏం చేశాడో తనకి తెలియదంది. పిల్లాడి మాటెత్తితే లేచెళ్ళిపోతాడు గనక ఆవిడ ఎత్తడం మానేసింది. ఆదివారం ఎక్కడ కూర్చుంటుందో కూడా చెప్పలేదు.

ఒకసారి చీమల బారు చూస్తూ అంది: “మావాడికి ఒక్కడే పడుకోవాలంటే భయమండి. దీపం ఆర్పనిచ్చేవాడు కాదు. ఇప్పుడు ఇవి ఉన్నాయిలెండి, వస్తా పోతా ఉంటాయి.”

నేను ఆ పుట్టలో ఏం చూస్తున్నానో నాకు తెలుసు. ఆవిడ ఏం చూస్తోందో అప్పుడు తెలిసింది.

సున్నం

వరి పాలు పోసుకునే రోజుల్లో సమాధుల పండగ వస్తుంది. ఊరంతా కదిలొచ్చి గడ్డి చెక్కి, సమాధులకి సున్నం వేసి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ పండగ పొద్దున నేను వెళ్ళేసరికి ఆ చిన్న సమాధి తెల్లగా మెరిసిపోతోంది. చుట్టూ గడ్డి నున్నగా చెక్కి ఉంది. పాదాల దగ్గర పుట్ట చుట్టూ, ఇంటి ముందు ముగ్గు వేసినంత శ్రద్ధగా, గుండ్రంగా తెల్లపొడి. అది సున్నం కాదని దూరం నుంచే తెలిసింది. ఆ వాసన నా చొక్కాలన్నిటికీ ఉండేది.

పొట్టు మీద పొట్టులాగే చీమలు పడున్నాయి. లోపల్నుంచి ఇంకా ఒకటీ అరా వస్తూనే ఉన్నాయి. పొడి దాటి రెండడుగులు వేసి పక్కకి ఒరుగుతున్నాయి. ఒకదాని నోట్లో గింజ అలాగే ఉంది.

రూతమ్మ అక్కడే కూర్చుని ఉంది. నూకల మూట కొంగునే ఉంది, విప్పలేదు.

“మా ఆయన మందేశాడంటండి” అంది.

దానియేలు ఆ ఏడు మొదటిసారి ధైర్యం చేసి కొడుకు దగ్గరికి వచ్చాడు. ఆవిడకి చెప్పకుండా, ముందురోజు, సున్నం బకెట్టూ పారా పట్టుకుని. గడ్డి చెక్కుతుంటే కొడుకు కాళ్ళ దగ్గర చీమల బారు కనపడింది. ఆవిడకి వచ్చిన భయమే అతనికీ వచ్చింది. ఆవిడ నన్ను అడిగింది. అతను ఇంటికి పరిగెత్తి, ఇంట్లో ఉన్న పొడి మందు తెచ్చాడు.

ఆవిడ అతన్ని ఒక్క మాట అనలేదట. సమాధిని వేలితో తాకి చూసి, “సున్నం బాగా వేశాడు గదండీ” అంది. బాగా వేశాడమ్మా అన్నాను.

ఆ సాయంత్రం స్టేషన్లో పాసింజర్ కోసం కూర్చుంటే దానియేలు వచ్చాడు. బెంచీ మీద చోటున్నా కిందే కూర్చున్నాడు. పైన కూర్చోమన్నా వినలేదు. పొద్దున నేను వెళ్ళాక రూతమ్మ అన్నీ చెప్పిందట. ఆదివారాలూ నూకలూ, పిల్లాడికి తోడున్నాయనుకోవడమూ.

“అప్పుడు మందు తేవడంలో ఆలస్యమైపోయిందండి. ఇదన్నా ముందుగా వేద్దామనుకున్నాను” అన్నాడు.

పట్టాల వైపు చూస్తూ మళ్ళీ అన్నాడు: “మీరు మందుల సారు గదండీ. చచ్చినవాటిని మళ్ళీ రప్పించే మందేదన్నా మీ దగ్గర ఉందాండీ?”

వెటకారం కాదు. నిజంగా అడిగాడు. ఎన్ని మందులు చెప్పాను ఆ మనిషికి. ఏ డబ్బా చేతికిచ్చినా ప్రశ్న వెయ్యకుండా కలిపి కొట్టాడు. ఇంకొకటి ఉండొచ్చనే అనుకున్నాడు.

“లేదు దానియేలూ” అన్నాను. నేను చదివిన చదువంతా కలిపితే ఆరోజు ఆ ఒక్క మాట వచ్చింది.

మర్నాడు బాపట్లలో పెద్ద సారుకి చెప్పాను, తనకేం తెలియనట్టు ఉంటానని ఆయన అన్నది మర్చిపోయి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “వాడికి కొట్టడం నేర్పింది మనమేనయ్యా. చూడడం నేర్పలేదు” అన్నారు. ఆ తర్వాత ఆయన బోర్డు మీద కొమ్ము చెరపడం నేను చూడలేదు.

ఖాళీ చోటు

ఇక్కడ మీకు పనికొచ్చే విషయం ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో వరికి దోమ పడితే మందు కొట్టించేవాళ్ళం. దోమతోపాటు దాన్ని తినే సాలీళ్ళూ చచ్చేవి. తర్వాత ఏం జరిగేదంటే, దోమ ముందు తిరిగొచ్చేది, సాలీళ్ళు ఎప్పటికో. మళ్ళీ మందు. ఇదంతా మా మళ్ళల్లో కళ్ళారా చూసిందే. మందు వేసిన చోట ముందు పోయేవి మంచివి, ముందు వచ్చేవి మొండివి. చచ్చిన చోటు ఖాళీగా ఉండదు. ఎవరొస్తారనేది మన చేతిలో ఉండదు.

మినుము కోతలప్పుడు మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. ఆదివారం. నన్ను దూరం నుంచి చూసి దానియేలు గట్టు మీద పరిగెత్తుకుంటూ వచ్చాడు. “వచ్చాయి సార్, వచ్చాయి” అన్నాడు. ఆ మనిషి మొహంలో అలాంటి వెలుగు నేనెప్పుడూ చూడలేదు. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం భార్యతో పాటు తనూ వస్తున్నాడట. ఆ సమాధి చుట్టూ గడ్డి ఎవర్నీ కొయ్యనివ్వడంలేదట.

వెళ్ళాను. వంగకముందే తెలిసిపోయింది. పాదాల దగ్గర అదే చోట మట్టి పైకొచ్చి ఉంది. దాని చుట్టూ పొట్టు లేదు.

వంగి చూస్తే ఎర్రచీమలు. కుట్టేవి. గింజా పురుగూ అని చూసుకోనివి. ఏ మెత్తటిది దొరికినా వదలనివి.

“ఎర్రగా ఉన్నాయేంటండి?” అంది రూతమ్మ.

“కొత్తవి గదా, చిన్నవి. పెద్దయ్యాక రంగు తిరుగుద్ది” అన్నాడు దానియేలు. నా వైపు చూస్తూ అన్నాడు.

చీమ పుట్టలోంచి బయటికొచ్చాక పెరగదు. అది మొదటి ఏడాది పాఠం. అతని కళ్ళల్లోకి చూస్తూ ఆ పాఠం చెప్పడం నావల్ల కాలేదు.

“ఇవీ గింజలు తినేవేనాండి?” అంది ఆవిడ.

దానియేలు ఆవిడ వెనక నిలబడి ఉన్నాడు. అతని చేతులు దణ్ణం పెట్టబోతున్నట్టు దగ్గరికి వచ్చాయి. ఔననడం ఎంతసేపు? కానీ ఈవిడ మొదటిరోజు నా మాట నమ్మి పొట్టు చేతిలోకి తీసుకుంది. ఆ చేతిలోనే ఇప్పుడు అబద్ధం పొయ్యడానికి మనసొప్పలేదు.

“ఇవి అన్నీ తింటాయమ్మా” అన్నాను.

ఆవిడ తలాడించింది. లోపలికి ఎంతదూరం పోతాయని ఈసారి అడగలేదు. ఎండ ఎటుందో చూసుకుని, నీడ పడకుండా జరిగి కూర్చుంది. కొంగుముడి విప్పింది. నూకలు ఎప్పటిలా చిటికెడు చిటికెడు కాదు, గుప్పిళ్ళతో పోసింది. కన్నం చుట్టూ, దండిగా, ఏ చీమా వెతుక్కోనక్కర్లేకుండా.

“కడుపు నిండితే కిందికి పోవు గదండీ” అంది.

దానియేలు మొలలోంచి ఇంకో చిన్న మూట తీసి, ఆవిడ పక్కన కూర్చుని, ముడి విప్పడం మొదలుపెట్టాడు. ఎర్రచీమలు నూకల మీదికి ఎక్కుతున్నాయి. నేను కూడా కూర్చున్నాను. ఏమీ రాసుకోలేదు. ఆదివారాలు నాకు సెలవు.